మా లెక్కల లేని పప్పు

మణుగూరుల కిరాయి ఇంట్ల ఈ రోజే దిగినం. రెండు ఫ్యాన్లు, మూడు ట్యూబ్‌లైట్లు, ఒక టీవీ అని నెలకు ఎన్ని యూనిట్లు కాలుతయో ముందే కాగితం మీద లెక్క రాసుకున్న. సామాన్లు దించినంక చూస్తే, మేం ఒక్క స్విచ్ వెయ్యకముందే మీటరు చక్రం గిరగిర తిరుగుతుంది. ఓనర్‌ను అడిగిన. బొగ్గు గనిల చేసి రిటైరైన పెద్దమనిషి.

"రెండు పోర్షన్లకు ఒకటే మీటరు సారూ, బిల్లు సగం సగం. మా పోర్షన్ల కరెంటు హీటర్ మీద పప్పు ఉడుకుతుంది."

"గ్యాస్ లేదా?"

"ఉంది. ముప్పై ఏండ్లు కంపెనీ క్వార్టర్ల ఉన్నం, ఆడ ఫ్రీ కరెంటుకు లెక్కెక్కడిది? మా ఆమెకు హీటరే అలవాటు."

సామాన్లు మళ్ల ఎక్కియ్యలేక, కాగితం తీసి లెక్కల సగం హీటర్ కలుపుకున్న. ఇల్లు చూడపోయినప్పుడు ఓనరమ్మ దేని మీద వండుతదో అడిగినోళ్లు మీలో ఎవరన్నా ఉన్నరా?