తలుపు దాకా వెళ్లినవాడు

కిరండూల్ నుంచి విశాఖ వెళ్లే రైల్లో నా ఎదుట ఒక అక్కా, ఆమె తమ్ముడూ కూర్చున్నారు. గని పనిలో పట్టిన నడుం నొప్పి పోయింది గానీ, దానికి వాడిన మత్తు మాత్రలు మాత్రం అతన్ని వదల్లేదట. ఆ అలవాటు మాన్పించే వైద్యానికి అక్క విశాఖ తీసుకెళుతోంది.

పూటకు నాలుగు టీలు మానలేని నేను, "మనసు గట్టి చేసుకోవాలి బాబూ" అని ఉపన్యాసం ఎత్తుకున్నాను.

"మలేరియా వస్తే గూడ గట్లనే చెప్తరా సారూ? ఇదీ బీమారే. దవాఖానల తగ్గుద్ది," అందామె.

జగదల్‌పూర్‌లో అతను వణుకుతూ లేచాడు. "నాతోని కాదక్కా, దిగిపోత."

ఆమె అతని చెయ్యి పట్టుకుని ఆపలేదు. కాళ్లు పక్కకు తీసి దారిచ్చింది. "దిగు తమ్మీ. నేనూ దిగుత. రేపు మళ్ల ఎక్కుదం."

తలుపు దాకా వెళ్లి నిలబడ్డాడు. రైలు కదిలాక తిరిగొచ్చాడు. "ఆకలైతుందక్కా."

ఆమె అంబలి నింపి తెచ్చిన ఎండు సొరబుర్ర వంచి, ఆకుదొప్పల్లో పోసింది. ముందు అతనికి, తర్వాత నాకు.