ఇరవై మందికి సంగటి, నిష్పత్తి ప్రకారం

మా ముదిగుబ్బ దిక్కున ఆ రోజుల్లో వాన పడితే సంతోషం ఒక పూటే ఉండేది. మరుసటి పూట నుంచి కంగారు. చెనక్కాయ పీకాలంటే నేలలో పదును ఉండాలి. పదును ఆరితే చెట్టు చేతికొస్తుంది, కాయ మన్నులోనే ఉండిపోతుంది. ఊరందరికీ ఒకేసారి కూలీలు కావాలి కాబట్టి, ఎవరి చేన్లో తిండి బాగుంటే వాళ్లు అక్కడికే పోయేవాళ్లు. సరిగ్గా అలాంటి రోజున వంట చేసే మా అవ్వకు చలిజ్వరం వచ్చింది. "సంగటి నువ్వే చేయాల పాపా. కూలోళ్లు అలిగి పోయినారంటే ఈ ఏడు మనకు కాయ లేనట్టే" అని చెప్పి నాయన, అమ్మతో కలిసి చేనుకు వెళ్లిపోయాడు (నా ఏడో తరగతి చదువు మీద ఆయనకు అంత నమ్మకం).

గంగాళం దించి పొయ్యి ముందు పెట్టుకున్నాను. మా నలుగురికి చేయడం వచ్చు గానీ ఇరవై మందికి ఎప్పుడూ చేయలేదు. అయితే ఆ వారమే లెక్కల సారు నిష్పత్తులు చెప్పారు. ఒకటి ఎన్ని రెట్లు పెరిగితే రెండోదీ అన్ని రెట్లు పెరగాలి. అంటే బియ్యం ఐదు రెట్లు, నీళ్లు ఐదు రెట్లు, రాగిపిండీ ఉప్పూ అంతే. అక్కడితో ఆగి ఉంటే బాగుపడేదాన్ని. నలుగురి బియ్యం అరగంట ఉడికితే, ఇరవై మందివి రెండున్నర గంటలు ఉడకాలి కదా! మళ్లీ సరిచూసుకున్నాను కూడా. "ఇంగా కాలేదా పాపా?" అని కంబళి లోపల నుంచి అవ్వ అడిగితే, "ఇంగా టైముండాదవ్వా" అన్నాను. నీళ్లు ఇంకినప్పుడల్లా పోశాను. బియ్యం అన్నమైంది, అన్నం గంజైంది, ఆ తర్వాత దానికి పేరు లేదు. పిండి వేసి గెలికితే ముద్ద కట్టలేదు. మళ్లీ వండటానికి పొద్దు లేదు. దాన్ని అలాగే బండి మీద చేనుకు చేర్చాను.

చేన్లో కూలీల పెద్దక్క గంగాళంలో గరిటె పెట్టి చూసింది. "ఏం పాపా, పండ్లు లేనోళ్లకు చేసినావా?" అంది. నేను ఏడుపు గొంతుతో లెక్కంతా అప్పజెప్పాను. ఆమె శ్రద్ధగా విని, "అట్లయితే ఒక గొర్రె ఐదు నెలలకు ఈనుతాది. మీ నాయనకు ఇరవై గొర్రెలుండాయి. అవన్నీ ఈనేకి ఎన్నేండ్లు పడతాదో చెప్పు" అంది. నేను నిజంగానే వేళ్లు మడవడం మొదలుపెట్టాను. చేనంతా నవ్వింది, నాయన తప్ప. "రేపు వస్తారా అక్కా?" అని ఆయన అడిగితే, "చూస్తాములేప్పా" అంది (మా వైపు ఆ మాటకు రాబోమనే అర్థం). అందరూ దాన్ని మజ్జిగతో తాగి, ఊరుబిండి పచ్చడి నాకి లేచారు.

మరునాడు తెల్లవారగానే వీధి మలుపులో నిలబడ్డాను. ఎంతసేపటికీ ఎవరూ రాలేదు. ఇంటికి పోయి నాయన మొహం చూడటం ఎలాగా అనుకుంటుంటే కూలీల తలగుడ్డలు కనిపించాయి. "పక్క చేనాయన బాగా పెడతాడు గానీ, ఆడ నవ్వేకి ఏముండాది?" అంది పెద్దక్క. "లెక్క తేలిందా?"

"తేలిందక్కా" అన్నాను. అబద్ధం. గొర్రెలన్నీ ఎందుకు కలిసి ఈనుతాయో తెలుసు గానీ, సంగటికి అది ఎందుకు వర్తిస్తుందో నాకు తొమ్మిదో తరగతి దాకా అంతుపట్టలేదు. ఆ తర్వాత లెక్కల్లో మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఆ తలగుడ్డలు కనిపించినప్పుడు పడ్డ సంబరం మాత్రం ఏ మార్కులకూ పడలేదు. వీధి మలుపులో కళ్లు తుడుచుకుంటున్న ఆ పిల్లను తలచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దుగానూ ఉంటుంది.