ఉడత పక్కన ఖాళీ జాగా

పోయినవి ముందే చెప్పేస్తాను, తర్వాత తగాదా ఉండకూడదు. ఫోటో తీసే గాజు పలకలు మూడు, పల్లీలు సోలెడు, కెమెరా కాలు తగిలి పగిలిన నీళ్ల కుండ ఒకటి, నా తెలివి మీద నాకున్న గౌరవం మొత్తం. ఇంత నష్టమూ బెత్తెడు ఉడత వల్ల. దయచేసి దాని మీద జాలిపడకండి.

బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ కొత్తగా లేచిన రోజులు. చెరుకు బండ్ల తూకం లెక్కలు చూసేవాడిని. లెక్కలు బడిలో నేర్చింది తక్కువ, సొంతంగా నేర్చింది ఎక్కువ. కనుక పొగరూ ఎక్కువే. నిజామాబాద్‌లో ఫోటోలు తీసే సాయన్నను బతిమాలి కెమెరా ఒక్కరోజుకు తెచ్చుకున్నాను. రెండు పలకలు మా పెరటి ఉడతలకు, మూడోది నన్ను కన్న అవ్వకు. ఆమె ఏనాడూ ఫోటో దిగలేదు. ఏర్గట్లలో మంచం పట్టిన వాళ్లక్కకు తన ముఖం పంపాలని ఆశ.

మొదటి పలక మీదికి జామచెట్టు వచ్చింది, ఉడత రాలేదు. రెండోసారి ఉడత పెళ్లికొడుకులా కూర్చుంది. నేనే కెమెరా కంటి మూత తీయలేదు. కంగారులో పలక బయటికి లాగితే ఎండ తగిలి అదీ పోయింది, ఉడతా పోయింది. గడపలో పల్లీలు ఒలుస్తున్న అవ్వ, "నిన్ను జూసి గాదురా, నీ నెత్తి మీది నల్లగుడ్డ జూసి ఉరుకుతున్నయి" అంది. ఆమె రెండు గింజలు గోడ మీద పెట్టగానే ఉడత వచ్చి, చేతులతో పట్టుకుని తినసాగింది. నేనిక ఆగలేకపోయాను. అవ్వ పలక ఉడతపాలు చేశాను.

అప్పుడు నా లెక్క లేచింది. నల్లగుడ్డ కింద కెమెరా అద్దంలో చూసినప్పుడు ఉడత ఓ మూల, మిగతాదంతా ఖాళీ. చెరుకు దింపిన బండిని మళ్లీ నింపమా? అదే పలక మీద, ఉడత లేని వైపు అవ్వను కూర్చోబెట్టి మళ్లీ తీశాను. కొత్త చీర కట్టి, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

"అక్క నన్ను గుర్తువడుతదంటవా?" అని మాత్రం అడిగింది.

మరునాడు సాయన్న పలక కడిగి వెలుతురుకు పెట్టాడు.

"తమ్మీ, మీ అవ్వకు మీసాలున్నయా?"

"లేవన్నా."

"మరి గిదేంది?"

అది ఉడత తోక. కెమెరాలో కుడి ఎడమలు తారుమారవుతాయన్నది నా లెక్కలోకి రాలేదు. పైగా అవ్వ నుదుటి నిండా జామాకులు. "పలకల ఖాళీ యాడిది తమ్మీ, ఎండ వడ్డ జాగంత నిండినట్టే" అన్నాడు సాయన్న. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్లు నయం. నాకు దక్కింది తోక.

కాగితం మీద ఫోటో వేయించి ఇంటికి తెస్తే, అవ్వ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. తర్వాత ఆ ఆకుల మధ్య చాలాసేపు చూసుకుంది.

"కండ్లు నావేరా. అక్కకు గవ్వి సాలు, పంపు."

నేనొప్పుకోలేదు. మీసాలతో పంపితే నా పరువేం కావాలి? ఫోటో చించి, పలక గీకి, మంచిది తీస్తానని మాటిచ్చాను. "తీస్తవు తియ్యి" అంది.

ఆ వానాకాలం అవ్వ దాటలేదు. వాళ్లక్క మరో ఏడాది బతికి, వచ్చినవాళ్లనల్లా ఫోటో తెచ్చారా అని అడిగిందట. ఇప్పుడెవరైనా ఆ మీసాల అవ్వను తెచ్చిస్తే, ఓ బండెడు చెరుకు నెత్తిన మోస్తాను.

కనుక పెరటి ఉడతలన్నింటి సాక్షిగా ప్రమాణం: ఒక్క పలక మీద ఇద్దరిని ఇక కూర్చోబెట్టను, ఖాళీ కనబడితే కన్నెత్తి చూడను. తీరని బాకీ మాత్రం, ఏర్గట్లకు ఫోటో ఒకటి.