పళ్లెం వెనక పేరు

ఏడో తరగతితో బడి మానేశానంటే కొందరు జాలిపడతారు. అంత అవసరం లేదు. వన్ టౌన్‌లో ఓ స్టీలు సామాన్ల కొట్టు ముందు మా నాన్న గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. ఆయనకు చూపు మందగించింది, నా చేతిరాత బాగుంది, అంతే. చిన్న ఉలి, సుత్తి పట్టుకుని ఆయన బల్ల దగ్గర కూర్చున్నాను. ఇప్పుడు జుయ్యిమనే మిషను వచ్చింది. కృష్ణా జిల్లాలో నేను రాసింది ఎన్ని వంటిళ్లలో ఉందో నాకే తెలీదు. అంతమంది పాఠకులున్న రచయితను ఒక్కణ్ణి చూపించండి.

"ఎవరి పేరు కొట్టమంటారు?" అని పొద్దస్తమానం అడుగుతుంటాను. కొనేది ఆడవాళ్లే, బేరమాడేదీ వాళ్లే, అడుగు మందం వేలితో తట్టి చూసేదీ వాళ్లే. తీరా పేరు దగ్గరికొచ్చేసరికి, "మా ఆయన పేరు కొట్టు" అంటారు. ఆ మహానుభావుడు జన్మలో ఆ గిన్నెలో గరిటె పెట్టి ఎరగడు.

ఈ మాటే ఒకసారి గిన్నెలు కొనడానికొచ్చిన రిటైర్డ్ లెక్చరర్ గారితో సరదాకి అన్నాను. ఆవిడ నవ్వలేదు. సంచిలోంచి నోటుబుక్కు తీసి రాసుకున్నారు. నా జోకును నోట్సు రాసుకున్న మొదటి మనిషి ఆవిడే. ఏం చేసుకుంటారో చూద్దామని, ఆ శనివారం ఆవిడ రమ్మన్న చోటికి వెళ్లాను. బెంజ్ సర్కిల్ దగ్గర ఓ అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, స్కూటర్ల మధ్య కుర్చీలేసుకుని పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మన ఊళ్ల ఆడవాళ్ల చరిత్ర వెతికి బడిపిల్లలకు అందించడం వాళ్ల పని. బడిలో నన్ను హాయిగా నిద్రపుచ్చిన సబ్జెక్టు చరిత్ర ఒక్కటే. అలాంటిది, ఆ సాయంత్రం టీ చల్లారిపోతున్నా లేవబుద్ధి కాలేదు. నేనూ వాళ్లలో చేరిపోయాను.

కంకిపాడు దగ్గర ఒక ఆడపిల్లల హైస్కూలువాళ్లు మాకు వరండాలో ఒక గోడ ఇచ్చారు. తొమ్మిదో తరగతి పిల్లలూ మేమూ కలిసి ఆ చుట్టుపక్కల ఆడవాళ్ల గురించి బోర్డులు రాసి పెట్టాలి. హెచ్చెమ్ గారు ఒక్కటే షరతు పెట్టారు. ప్రతి బోర్డు మీదా మనిషి పేరుండాలి, దానికో ఆధారముండాలి. పేరు లేకపోతే అది కథ అవుతుంది తప్ప చరిత్ర కాదన్నారు. కాదనలేకపోయాం.

చిక్కంతా మా బృందంలో అందరికన్నా పెద్దావిడ బోర్డు కోసం చెప్పిన మనిషితో వచ్చింది. ఎనభై దాటిన ఈ పెద్దావిడను మేమంతా మామ్మగారనే పిలుస్తాం. ఆవిడ చిన్నప్పుడు, వాళ్ల ఊళ్లో ఒకావిడ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడపిల్లల్ని అరుగు మీద కూర్చోబెట్టి పలకల మీద అక్షరాలు దిద్దించేదట. ఫీజు లేదు, హాజరుపట్టీ లేదు. బస్సు బోర్డు దగ్గర్నుంచి డాక్టరు చీటీ దాకా తాను చదవగలిగిందంతా ఆ అరుగు మీద నేర్చుకున్నదేనని మామ్మగారు చెప్పారు.

ఆవిడ పేరేమిటని లెక్చరర్ గారు అడిగారు. పంతులమ్మగారని మామ్మగారు చెప్పారు. అసలు పేరేంటని అడిగితే వింతగా చూశారు.

"పెద్దవాళ్లను పేరుపెట్టి ఎవరు పిలుస్తారమ్మా?"

వాళ్ల ఊరు వెళ్లి వాకబు చేశాం. పంతులమ్మగారి అరుగు ఎక్కడుండేదో తోటకూర అమ్మేవాళ్లు కూడా చూపించారు. పేరు మాత్రం ఒక్కరికీ తెలీదు. ఆవిడకు పిల్లల్లేరు. పంచాయతీ ఆఫీసులో ఇంటిపన్ను కాగితాల్లో భర్త పేరుంది. ఊరంతటికీ పేరు రాసుకోవడం నేర్పిన మనిషి తన పేరు ఎక్కడా రాసుకోకుండా ఎలా వెళ్లిపోయిందా అని నాకు నిద్ర పట్టనంత ఆరాటం పట్టుకుంది.

గోడ ప్రారంభించే రోజు ఇంకో వారంలోకి వచ్చింది. ఒక్క బోర్డే ఖాళీ. ఇంకెవరినైనా పెడదామని ఎవరో అన్నారు. మామ్మగారు కర్ర మీద గడ్డం ఆనించుకుని నెమ్మదిగా అన్నారు.

"ఆ అరుగు మీద కూర్చున్నవాళ్లలో నేనొక్కదాన్నే మిగిలాను. నాతో ఆవిడ కూడా పోతుంది."

అప్పుడు నా వృత్తిబుద్ధి పనిచేసింది. మీ పెళ్లికి ఆవిడేమైనా చదివించారా అని అడిగాను. ఇచ్చిన సామాను మీద ఇచ్చినవాళ్ల పేరు కొట్టడం మనవాళ్ల అలవాటు కదా. ఇత్తడి పళ్లెం ఇచ్చారనీ, దాని మీద పేరుండేదనీ, పెళ్లినాడు మనసులోనే చదువుకున్నాననీ మామ్మగారు చెప్పారు. పైకి అనకూడదు కనక ఎన్నడూ అనలేదు. అనక, అనక, పేరు జారిపోయింది.

మర్నాడు బళ్లో పిల్లల ముందు పాత చీరముక్కలోంచి ఆ పళ్లెం తీశారు. బంగారంలా మెరుస్తోంది. పేరుండాల్సిన చోట అద్దంలా నున్నగా ఉంది. అరవై ఏళ్లకు పైగా, ప్రతి శుక్రవారం, చింతపండు పెట్టి తోమారట.

"మామ్మగారూ, కాస్త బద్ధకస్తులై ఉంటే బతికిపోయేవాళ్లం కదండీ" అన్నాను.

మామ్మగారి కళ్లు నిండాయి. నా నోటిని నేనే తిట్టుకుంటూ, ఏదో ఒకటి చేయాలి కదా అని పళ్లెం తిరగేశాను. వెనకవైపు నల్లగా, చిలుం పట్టి ఉంది. వెనకెవరు చూస్తారులే అని ఎప్పుడూ తోమలేదని మామ్మగారు సిగ్గుపడుతూ చెప్పారు. నా వేలికి చిన్న చిన్న బుడిపెలు తగిలాయి. ముందువైపు ఉలితో కొడితే వెనకవైపు ఉబ్బుతుంది. ముందున్నది అరిగినా వెనకది నిలిచింది.

ఒక పిల్ల దాని మీద కాగితం పరిచి పెన్సిలు పడుకోబెట్టి రుద్దింది. చుక్కలు తేలాయి, కానీ అక్షరాలు తిరగబడి ఉన్నాయి. కాగితం వెనక్కి తిప్పి కిటికీ వెలుతురుకు పెట్టాం. భర్త పేరే ఉంటుందేమోనని లెక్చరర్ గారు నా చెవిలో గొణిగారు. నాకూ ఆ భయమే. అయితే నా కన్ను ముందు రాత మీద పడింది. మా పనివాళ్లం పొదుపు మనుషులం. ఇంటిపేరుకు ఒక్క అక్షరంతో సరిపెడతాం, తలకట్లు సగం ఎగ్గొడతాం. ఇక్కడ ప్రతి తలకట్టూ ఉంది, ప్రతి సున్నా గుండ్రంగా ఉంది. అది బజారు చెయ్యి కాదు. ఎవరో తీరిగ్గా కూర్చుని, మేకుతో, పలక మీద దిద్దించినట్టు కొట్టారు.

పిల్ల చదవబోయింది. ఆగమని, కాగితం మామ్మగారికిచ్చాను. ఆవిడ కళ్లజోడు తుడుచుకుని, వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నారు. చివరికొచ్చి ఆగి, నావైపు చూశారు.

"పైకి అనొచ్చంటావా?"

"మీరు అనకపోతే ఎవరంటారండీ?"

అన్నారు. ఆడమనిషి పేరే. కింద వరసలో ఇంకో పేరుంది, మామ్మగారిది. దాన్ని మాత్రం గబగబా చదివేశారు.

ఆ పెన్సిలు కాగితాన్నే ఆధారంగా ఒప్పుకుని హెచ్చెమ్ గారు ఫ్రేము కట్టించారు. పేరు ఇక్కడ రాయను. గోడ ఉంది, వెళ్లి చదువుకోండి. కాళ్లకు కాస్త పనిచెప్పినట్టూ ఉంటుంది.

తరవాత వారం మామ్మగారు ఆటో దిగి నా బల్ల దగ్గరికి వచ్చారు. పళ్లెం ముందువైపు మళ్లీ కొట్టాలట. మిషను పక్కన పెట్టి నాన్న ఉలి, సుత్తి తీశాను. అలవాటు ఊరుకోదుగా, ఎవరి పేరు కొట్టమంటారని అడిగాను.

ఆవిడ పంతులమ్మగారి పేరు చెప్పారు. గొంతు తగ్గించలేదు. తోపుడుబండి అతను కూడా ఆగి చూశాడు. ఒక్క తలకట్టు కూడా ఎగ్గొట్టకుండా కొట్టి చేతికిస్తూ, ఇకనుంచి చింతపండు పులుసులోకే వాడాలని మాట తీసుకున్నాను.