కల్లమ్మ గుప్పిట

నారాయణఖేడ్ బజారులో కల్లమ్మ నోటికి జడవనివాళ్లు లేరు. కిరాణా దుకాణంలో గల్లాపెట్టె ముందు ఆమె కూర్చుందంటే, కందిపప్పులో రాళ్లున్నాయని సణగబోయినవాళ్లు కూడా సంచి పట్టుకుని మెల్లగా జారుకుంటారు. అట్లాంటి మనిషి మెడ వెనక నిమ్మకాయంత గడ్డ పెట్టుకుని, ఏళ్ల తరబడి కొంగు కప్పుకుని తిరిగిందంటే నమ్మబుద్ధి కాదు. కానీ తిరిగింది.

భయం కత్తికి కాదు. కల్లమ్మ వాళ్లది లింగాయతుల ఇల్లు. పసితనంలో శివలింగం పెట్టి మెడలో కట్టిన లింగకాయ ప్రాణం పోయేదాకా ఒంటిని విడవకూడదు. ఆపరేషన్ అంటే ఆమెకు తెలిసింది ఒక్కటే: పెనిమిటి సిద్ధేశ్వర్‌కు హైదరాబాద్‌లో కడుపు కోసినప్పుడు పూర్తిగా మత్తిచ్చి, లింగకాయ విప్పి ఆమె చేతిలో పెట్టారు. ఆయన బాగై వచ్చి చాలా ఏళ్లు బతికాడు గానీ, "లింగం లేకుంట నన్ను ఒంటరిగా పండబెట్టిన్రు" అనే మాట చివరిదాకా మానలేదు. ఆ మాట కల్లమ్మ మనసులో మేకులా దిగింది. చిన్న గడ్డకైనా పెద్ద జబ్బుకైనా దవాఖానలో ఒకటే తీరు అని ఆమె తీర్మానించేసుకుంది. అక్కడే తప్పులో కాలేసింది.

చిత్రమేమిటంటే, ఆ గడ్డను రేపింది లింగకాయ దారమే. రాసుకుని రాసుకుని, ఈ ఎండాకాలం తోలు లేచి రసి కారింది. గడ్డ ఉంటే దారం నిలవదు, గడ్డ తీయించాలంటే దారం తీయాలి. ఎటూ పాలుపోక కల్లమ్మ దుకాణంలోనే కూర్చుని ఏడ్చింది. కోడలు శివాని అది చూసి, షట్టర్ దించి అత్తను ఆటో ఎక్కించింది.

బస్ డిపో దగ్గర చర్మం డాక్టరమ్మ సౌందర్య గడ్డను నొక్కి చూసి, పుండు ఆరడానికి మందులిచ్చి, ఆరాక రమ్మంది. మంచం పట్టే పని లేదు, పట్నం పోయే పని లేదు, పొద్దున వచ్చి మధ్యాహ్నానికి ఇంటికి పోవచ్చని చెప్పింది. కల్లమ్మ నమ్మలేదు గానీ, చెప్పిన రోజుకు వచ్చింది. ఆపరేషన్ బల్ల దగ్గర నర్సు మెడలోది తీసేయమనగానే మాత్రం చెప్పులు వెతుక్కుంది. శివాని గుమ్మానికి అడ్డం నిలబడింది.

అప్పుడు కల్లమ్మ డాక్టరు వైపు తిరిగి నిలదీసింది.

"నాకు మత్తిస్తవా?"

"గడ్డ చుట్టూ సూదేస్త అవ్వా. గక్కడ తప్ప ఏడ తిమ్మిరెక్కదు. నాతోని ముచ్చట పెట్టుకుంట పండుకో."

"అయితే నా చెయ్యి నా సోయిలనే ఉంటదా?"

"ఉంటది."

"మరి పూజల ఎట్ల పట్టుకుంటనో, గట్లనే ఎడమచేతుల పట్టుకుంట. ఒంటిని ఇడిచినట్టు కాదు, నీ కత్తికి అడ్డం రాదు. ఏమంటవ్?"

ఇన్నేళ్లూ కనబడని దారి ఆమెకే కనబడింది. డాక్టరమ్మ ఆమె చేయి కడిగించి, లింగకాయ పట్టుకున్న గుప్పిటకు శుభ్రమైన గుడ్డ చుట్టించింది.

కల్లమ్మ బోర్లా పడుకుంది. సూది చురుక్కుమంది, తర్వాత ఎవరో లాగుతున్నట్టు తెలిసింది గానీ నొప్పి లేదు. కాసేపు శివుణ్ని తలుచుకుంది, కాసేపు మంచి బెల్లం ఎట్లా గుర్తుపట్టాలో డాక్టరమ్మకు చెప్పింది. కుట్లు పడ్డాక గడ్డను పళ్లెంలో చూపిస్తే, ఇంతదానికా ఇన్నేళ్లు భయపడ్డానని తనను తానే తిట్టుకుని పకపకా నవ్వింది. గుప్పిట మాత్రం వదల్లేదు. కుట్లు ఆరేదాకా లింగకాయను దండచేతికి కట్టుకుంది. పరీక్షకు పంపిన ముక్కలో భయపడాల్సిందేమీ లేదని తేలింది.

ఇక ఆమెను పట్టేదెవరు? ఉప్పుకొచ్చినవాళ్లకూ పప్పుకొచ్చినవాళ్లకూ మెడ తిప్పి చూపించింది. ఆ సంగతి సిర్గాపూర్‌లో శివాని తల్లి భీమమ్మ చెవిన పడింది. ఆమెకూ భుజం మీద గడ్డ, ఆమెదీ ఇదే భయం. కల్లమ్మ వియ్యపురాలిని స్వయంగా వెంటబెట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి వచ్చింది.

బల్ల చూడగానే భీమమ్మ రెండు చేతులూ గుండెలకు అడ్డం పెట్టుకుంది. నర్సుకు సంగతంతా విడమరిచి చెబుదామని కల్లమ్మ ముందుకు వచ్చింది. చెప్పాల్సిన పనే పడలేదు. నర్సు అప్పటికే భీమమ్మ ఎడమచేయి కడుగుతోంది.

"పరేషాన్ గాకు అవ్వా, లింగకాయ నీ చేతులనే ఉంటది. మా దగ్గర ఇగ అందరికి గట్లనే."