గుర్రం సంగతి చెప్పకుండానే వెళ్ళిపోయిన అత్త

మా అత్త పోయింది. మా నాన్నకి సొంత అక్క. పొద్దున్నే ఫోన్లో ఆమె గొంతు విన్నాను. మధ్యాహ్నం కాకుండానే, ఆమె లేదని మావయ్య ఫోను. మొక్కలకి నీళ్ళు పోస్తూ అక్కడే కూలబడిపోయిందట. మలేషియాలో, పోర్ట్ క్లాంగ్ రేవులో నేను పనిచేసే గోడౌన్ తలుపు పట్టుకుని అలా నిలబడిపోయాను. ఇప్పటికీ నాకు సగం నమ్మకం కుదరలేదు.

ఆమె ఉండేది సుంగై సిపుట్‌లో. మలయ్ భాషలో ఆ పేరుకి నత్తల ఏరని అర్థం. చిన్నప్పుడు "నత్తలేవే అత్తా?" అనడిగితే, "నత్తలు గదరా, ఇంకా దార్లో ఉన్నాయి" అనేది.

జంతువు పేరు తగిలించుకున్నది ఏది కనబడినా ఆమె వదిలేది కాదు. రోజూ పొద్దున్నే దాని మీద ఓ ప్రశ్న నాకు వాయిస్ మెసేజ్ పెట్టేది. జవాబు మర్నాడు. కలబందని ఇక్కడ మొసలి నాలుక అంటారు. "మొసలి నోట్లో సెయ్యెట్టి సూసినోడు ఎవుడ్రా? తిరిగొచ్చి పేరెట్టినాడా?" అనడిగింది ఓసారి. మర్నాడు చెప్పింది: "ఆడు రానేదు. ఆడి పెళ్ళాం పెట్టినాది."

మీరు నవ్వుతారేమో గాని, ఇవన్నీ పెద్దల నాటి కథలేనని నేను నమ్మాను. గోడౌన్లో నలుగురికీ పండితుడిలా చెప్పాను కూడా.

ఆ చివరి పొద్దున అడిగింది: "గుర్రపుడెక్క మొక్క ఏట్లో తేలతాది గదా. మరి గుర్రమేటైపోనాది? రేపు సెప్తాను."

దినకర్మ అయ్యాక మావయ్యని అదే అడిగాను. ఆయనది తమిళ ఇల్లు. అత్త తెలుగులో అడిగేది, ఆయన తమిళంలో బదులిచ్చేవాడు. కాపురమంతా అలాగే హాయిగా గడిచింది.

"మీ అత్తకి మాత్రం ఏం తెలుసు మాప్ళే?" అన్నాడు తమిళంలోనే, అల్లుడూ అని పిలుస్తూ. "అన్నీ కల్పించినవే. సాయంత్రం టీ తాగుతూ, రేపు వాడికేం చెప్పమంటావని నన్నడిగేది. తెలుగులో పలికితే తెలుగులో బదులిచ్చేవాడు వాడొక్కడే మిగిలాడు, వాణ్ణి జారిపోనిస్తే ఎలా అనేది. గుర్రం సంగతి మా ఇద్దరికీ ఇంకా తోచలేదు."

చావు కబురు విన్నప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ దిమ్మతిరిగింది. నేనేదో ముసలావిడకి కాలక్షేపం అనుకున్నాను. ఆమె నా కోసం రోజూ కూర్చుని కథలు అల్లింది.

మర్నాడు బస్సుకని బ్యాగు తగిలించుకుని బయటికొచ్చాను. మావయ్య కుండీల దగ్గర కషాయానికి ఆకు కోస్తున్నాడు. పిల్లిమీసం అంటారిక్కడ ఆ మొక్కని. గొంతు సవరించుకుని, ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగాడు:

"పిల్లికి... మీసం... ఎవురు గొరిగినారు, అల్లుడూ?"

ఆయన నోట తెలుగు వినడం నాకదే మొదలు. ఏడుపు ఆగలేదు. ఆయన మాత్రం గుప్పిట నిండా ఆకు పట్టుకుని, నేనేం చెబుతానా అని నా మొహంలోకే చూస్తూ నిలబడ్డాడు.