హారతికి మోగని తుపాకీ

దెయ్యమన్నా పూనకమన్నా నాకు నవ్వే. ఉద్యోగం జంషెడ్‌పూర్‌లో, ఇనుమును కోసి లోపలి లోపాలు పట్టుకునే ల్యాబ్‌లో. పిచ్చి మాత్రం పాత డబుల్ బ్యారెల్ తుపాకీల మీద. అలాంటిది ఎవరు కొన్నా ముందు నాకు చూపించేవారు. నేను బాగుందంటే బాగున్నట్టే. గొప్పలు చెప్పుకుంటున్నాననుకుంటే అనుకోండి, ఎనభైల మొదట్లో ఆ ఊళ్లో నా మాటకు అంత విలువుండేది.

పాత తుపాకీని పరీక్షించే పద్ధతి ఒకటుంది. చెక్క పిడి నుంచి జంట గొట్టాలు విడదీసి, వేలికి వేలాడదీసి, చిన్న చెక్కముక్కతో తడతాం. మంచివైతే గుడిగంటలా మోగుతాయి. అతుకు వదిలినవైతే మొద్దుగా పలుకుతాయి.

సిద్ధగోరాలో ఉండే మా మావయ్య, అంటే మా అమ్మ తమ్ముడు, లైసెన్సు సంపాదించి ఒక తుపాకీ కొన్నాడు. ఇనుప పట్టీలు మెలితిప్పి అతికిన గొట్టాలు, వాటి మీద అలల్లాంటి గీతలు. లోపల అద్దంలా ఉన్నాయి. తడితే ఖంగుమన్నాయి. కళ్లు మూసుకుని పేల్చుకోమన్నాను.

దసరా నాడు ఆయుధపూజ. మా అత్తయ్యదో వింత ఆచారం. ఆ రోజు హారతికి గంట వాయించదు, పూజలో పెట్టిన ఆయుధమే మోగాలంటుంది. ఆ పని నాకు అప్పజెప్పింది. పూజయ్యాక మావయ్య నది ఒడ్డున తొలి తూటా పేలుస్తాడని ఇరుగుపొరుగంతా వచ్చారు.

అత్తయ్య కర్పూరం వెలిగించింది. గొట్టాలు వేలికి తగిలించి తట్టాను. మట్టికుండను కొట్టినట్టు డుబ్బుమంది. మళ్లీ తట్టాను. అదే చప్పుడు. తలెత్తి చూస్తే అందరూ కళ్లు మూసుకుని దణ్ణాలు పెడుతున్నారు.

"అత్తా, మోగట్లేదు కదా?" అన్నాను.

"అదేటి బావూ! ఈదంతా ఇనబడేలాగ మోగతంటేను!" అంది.

మావయ్య గొట్టాలు బిగించి బయల్దేరాడు. నేను తుపాకీ పట్టుకుని వదల్లేదు. చేత్తో పేల్చొద్దు, టైరుకు కట్టి, ట్రిగ్గర్లకు తాళ్లు బిగించి దూరం నుంచి లాగుదామన్నాను.

"బాగుందన్నదీ నువ్వే, వొద్దంతన్నదీ నువ్వే. నలుగుర్లో నా పరువు తీత్తన్నావేట్రా!" అని మండిపడ్డాడు. అయినా నేను కదలనిస్తేగా!

నది ఒడ్డున పాత లారీ టైరుకు కట్టాం. అందరినీ దూరంగా నిలబెట్టి మొదటి తాడు లాగాను. కుడి గొట్టం చక్కగా పేలింది. జనం ఘొల్లున నవ్వారు. మావయ్య చూసిన చూపుకు సగం చచ్చాను. రెండో తాడు లాగాను.

ఎడమ గొట్టం పక్కకు చీలిపోయింది. సరిగ్గా ఎడమచేత్తో తుపాకీని పట్టుకునే చోట. కింది చెక్క తునాతునకలైంది.

ఒకటే కేకలు! నన్ను భుజాల మీదకెత్తుకున్నారు. మావయ్య తన ఎడమచెయ్యి తిప్పి తిప్పి చూసుకున్నాడు. వేళ్లు ముడిచాడు, తెరిచాడు. నన్ను వాటేసుకుని ఏడ్చాడు. నేనూ ఏడ్చాను, యుద్ధం గెలిచినంత గర్వంగా. మధ్యాహ్నం భోజనాల దగ్గర, కుడిచెయ్యి ఎంగిలి కాబట్టి, ఆ ఎడమచేత్తోనే గరిటె పట్టుకుని నాకు నెయ్యి గుమ్మరించాడు.

తర్వాత ల్యాబ్‌లో ఆ గొట్టం కోసి చూశాను. అతుకు లోపల, పైకి కనబడకుండా ఇరుక్కుపోయిన ఇనుప మడ్డి, సన్నటి గీతలా. చీలడానికి కారణం అదే. కానీ నేను మొదటిసారి తట్టినప్పుడూ ఆ గీత అక్కడే ఉంది, అప్పుడు ఖంగున మోగింది. చెవుల డాక్టరు నా చెవుల్లో ఏ లోపమూ లేదన్నాడు. మరి అంతమందికి వినబడ్డ గంట నాకొక్కడికే ఎందుకు మూగబోయింది? ఇప్పటికీ తెలీదు. తెలీకపోతే పోయింది, మావయ్య చెయ్యి దక్కింది!